నాలుగు దాటాక

ఆ ఆదివారం పొద్దున ఎస్తేర్‌రాణి ఆరాధనకి వెళ్లలేదు. యానాం ఫరంపేటలో తమ ఇంటి ముందుగదిలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. గాలీ వానా ముందుగా చెప్పడం ఆమె ఉద్యోగం. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ తీరం పొడుగునా ఉన్న రొయ్యల రైతులకీ, పడవల వాళ్లకీ వాతావరణ సూచనలు ఫోన్లకి పంపిస్తుంది. గోదావరి సముద్రంలో కలిసే వైపు ఊళ్లన్నీ ఎస్తేర్‌రాణి చూసుకుంటుంది. తండ్రి పోయాక తల్లి సుశీలని ఒంటరిగా వదల్లేక, యానాంలోనే ఉండి ఇంటి నుంచి పని చేస్తానని అడిగి ఒప్పించుకుంది.

మే నెల సగం గడిచింది. పడమటి కొండల మీంచి పొడి వేడిగాలి దిగుతోంది. సముద్రం మీంచి తడిగాలి లోపలికి వస్తోంది. రెండూ ఎదురుపడే చోట మధ్యాహ్నానికి మబ్బులు వరసకట్టి లేస్తాయి. అలాంటి వరస ఒకటి రాజమండ్రికి పైన లేస్తుందనీ, సాయంత్రానికి తీరానికి దిగుతుందనీ ఆమె అంచనా. ఆమె భయం వాన గురించి కాదు. వాన పడేటప్పుడు మబ్బు కింద గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేలకి దూకుతుంది. బిందెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే ఎలా పరుచుకుంటాయో అలా మబ్బు కన్నా ముందు పరిగెత్తుతుంది. చెట్లు కూల్చేదీ, రేకులు లేపేదీ, పడవలు తిప్పేసేదీ ఆ గాలే. అది వచ్చేసరికి నెత్తిమీద ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది.

అంతకు ముందు వారం కూడా ఆమె ఇలాగే హెచ్చరిక పంపింది. మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఈదురుగాలుల ప్రమాదం ఉందని రాసింది. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. చెరువుల్లో రొయ్యలు పట్టడం ఆపుకున్న రైతులు కంపెనీకి ఫోన్లు చేసి తిట్టారు. మేనేజరు లక్ష్మణరావు ఆమెతో మర్యాదగానే మాట్లాడాడు.

"మధ్యాహ్నమంతా అంటే ఎవరికి ఉపయోగం ఎస్తేర్ గారూ? టైమ్ ఇవ్వండి. టైమ్ ఉంటేనే జనం చదువుతారు."

అందుకని ఈసారి టైమ్ ఇచ్చింది. సాయంత్రం నాలుగు తర్వాత బలమైన ఈదురుగాలులు, అని రాసింది. దాని కింద, అంతకన్నా ముందుగా కూడా రావచ్చు, అని చేర్చింది. సూచన పంపించేశాక కూడా ఆమెకి మనసు కుదురుగా లేదు. నాలుగు అనే అంకె తీసేద్దామా అని ఒకసారి అనుకుంది. అప్పటికే అది అందరి ఫోన్లకీ వెళ్లిపోయింది.

ఆరాధన అయ్యాక జోసఫ్ వచ్చాడు. ఆమె తండ్రికి తమ్ముడు. దరియాలతిప్పలో ఉంటాడు. ఇంజను బిగించిన నాటు పడవ ఉంది, పీతలూ చేపలూ పడతాడు. బండి వెనక సీటు మీద అతని కూతురు షారోన్. నర్సింగులో సీటొచ్చి మర్నాడు సాయంత్రం పుదుచ్చేరి రైలెక్కాల్సిన పిల్ల. వెళ్లేలోగా బాప్తిస్మం తీసుకోవాలని పట్టుబట్టింది. ఆమెతో పాటు మరి కొందరికి కూడా ఆ మధ్యాహ్నమే ఏటి మధ్యలో ఉన్న ఇసుక మేట దగ్గర బాప్తిస్మం ఇవ్వాలని పాస్టరుగారు నిర్ణయించారు. ఒడ్డు పొడుగునా బురద. మేట దగ్గర నీళ్లు తేటగా, నడుం లోతులో ఉంటాయి. ఆ సంఘంలో చాలామంది అక్కడే మునిగి లేచినవాళ్లు.

"ఏమ్మా రాణీ, గాలుందంట గదా?" అన్నాడు జోసఫ్ గుమ్మంలోనే నిలబడి.

"ఉంది బాబాయ్. ఇవాళ ఏటి మీదికి వెళ్లొద్దు."

"పోయినారం కూడా ఇదే మాటన్నావు." అతను నవ్వాడు. "నీ మాట ఇని ఇంట్లో కూకున్నాను. నా బుట్టల్లో పీతల్ని ఎవడో ఎత్తుకుపోయాడు."

"అక్కా, నువ్వు రావా?" షారోన్ లోపలికి వచ్చి ఎస్తేర్‌రాణి కుర్చీ వెనక నిలబడి, ఆమె భుజాల మీద గడ్డం ఆనించి తెర వంక చూసింది. "నువ్వు రాకపోతే నాకు ఫోటోలు ఎవరు తీస్తారు? వాళ్లందరూ నా తల సగం కోసేసి తీస్తారు."

"నిన్ను కూడా వెళ్లొద్దంటున్నానే."

"మరి ఎప్పుడొత్తాదో అది సెప్పమ్మా," అన్నాడు జోసఫ్.

ఎస్తేర్‌రాణి లాప్‌టాప్ వైపు తిరిగింది. "నాలుగు దాటాక ఉండొచ్చు. కానీ..."

"నాలుగు దాటాకే గదా. ఒంటిగంటకి పోటు నిండుద్ది. ఎంటనే ఎల్లిపోయి మూడింటికల్లా ఒడ్డునుంటాం."

"ముందే రావచ్చు బాబాయ్. ఆ టైమ్ పట్టుకుని వెళ్లొద్దు. పొద్దున్నే అయినా వెళ్లాల్సింది."

"పొద్దున పాటు. నీళ్లు తీసేత్తాయి, మేట దగ్గరికి పడవ పోదు. రేపు పిల్ల ఎల్లిపోద్ది. మీ పిన్ని బిరియానీకి అన్నీ సిద్ధం సేసేసింది. మూడింటికల్లా వచ్చేత్తామమ్మా. నువ్వేం బెంగెట్టుకోకు."

సుశీల అప్పటికే తెల్లచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. ఎస్తేర్‌రాణి ఆమెని మాత్రం కదలనివ్వలేదు. "నువ్వెళ్తే నేనిక్కడ ఉండలేనమ్మా" అని చెయ్యి పట్టుకుంది. సుశీల మొహం ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. షారోన్ బండి ఎక్కుతూ, "పెద్దమ్మా, నీ వంతు బిరియానీ నేనే తెచ్చిస్తాలే" అని అరిచి వెళ్లింది.

మబ్బులు ఆమె అనుకున్న చోటే లేచాయి. రాడార్ తెర మీద మొదట చిన్న చిన్న ముక్కలు. తర్వాత అవి ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి చారలా అయ్యాయి. కాసేపు మెల్లగానే కదిలాయి. ఆమె భోజనానికి లేచి, నాలుగు ముద్దలు తిని వచ్చి చూసేసరికి చార మధ్యభాగం ముందుకి విల్లులా వంగింది. వెనక నుంచి గాలి తోస్తేనే మబ్బుల వరస అలా వంగుతుంది. ఇక అది సాయంత్రం దాకా ఆగదు.

జోసఫ్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. షారోన్ ఫోనూ అంతే. పాస్టరుగారిది స్విచాఫ్. నీళ్లలో దిగేటప్పుడు తడవకుండా ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి పడవ ముందున్న పెట్టెలో పెట్టారని తర్వాత తెలిసింది. కొత్త హెచ్చరిక రెండు ముక్కల్లో రాసి అందరికీ పంపించేసి, స్కూటీ తీసింది. తల్లి గుమ్మంలోకి వచ్చి ఏమైందని అడుగుతున్నా ఆగలేదు.

దరియాలతిప్ప రేవులో ఎండ చురుక్కుమంటోంది. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఇన్నయ్య అనే పెద్ద జాలరి పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"ఇన్నయ్య మావా, పడవ తియ్యి. మా వాళ్లు మేట మీదున్నారు. గాలొస్తోంది."

అతను లేచి ఆమె చూపించిన వైపు చూశాడు. వాయవ్యాన, కొబ్బరితోపుల వెనక, నేలకి బాగా దగ్గరగా ఒక నల్లటి మబ్బు చుట్ట దొర్లుకుంటూ వస్తోంది. దాని కింద ఆకాశం బూడిద రంగు కలిసిన ఆకుపచ్చగా ఉంది. ఇన్నయ్య చేతిలోని వల కింద పడేశాడు.

"ఇప్పుడెల్తే మనవూ పోతాం తల్లీ. ఆళ్లని ఆడే ఉండమను. ఇసక మీద బోర్లా పడుకుంటే ఏం కాదు."

మేట మీద మనుషులు తెల్లగా, చిన్నగా కనిపిస్తున్నారు. బాప్తిస్మాలు అయిపోయినట్టున్నాయి. పడవ చుట్టూ గుమిగూడారు. ఎస్తేర్‌రాణి మోకాలి లోతు నీళ్లలోకి దిగి, చున్నీ తీసి రెండు చేతులతో తలపైకెత్తి ఊపింది. "రావొద్దు, అక్కడే ఉండండి" అని గొంతు చించుకుని అరిచింది. అంత దూరానికి మాట వినపడదని ఆమెకి తెలుసు. అయినా అరిచింది. ఇన్నయ్య కూడా చేతులు ఊపాడు.

పడవ మేటని వదిలి బయల్దేరింది.

ఆమె ఇంకా గట్టిగా ఊపింది. పడవ ముక్కు సూటిగా ఆమె వైపే తిరిగింది. ఇంజను చప్పుడు మెల్లగా దగ్గరవుతోంది. తెల్లబట్టల మనుషులు దగ్గర దగ్గరగా కూర్చుని ఉన్నారు. ఎవరు ఎవరో ఇంకా తెలియడం లేదు.

ముందు వెనక నుంచి కొబ్బరాకుల హోరు వినపడింది. తర్వాత చల్లటి గాలి, ఐసు గది తలుపు తీసినట్టు, ఆమె వీపుకి కొట్టింది. చున్నీ చేతిలోంచి లాగేసుకుపోయింది. ఇన్నయ్య ఆమె జబ్బ పట్టి ఒడ్డుకి లాగి కింద పడేశాడు. ఎవరి ఇంటి మీదిదో రేకు ఒకటి గిరగిరా తిరుగుతూ ఏట్లోకి వెళ్లింది. ఎండ ఇంకా ఉంది. ఆ ఎండలోనే ఏరు మొత్తం తెల్లగా పొగలెత్తినట్టయింది. ఆమె తలెత్తి చూసేసరికి పడవ అడ్డం తిరిగి ఉంది. ఇంకోసారి చూసేసరికి దాని అడుగుభాగం పైకి తేలి నల్లగా కనిపించింది. తర్వాత వాన వచ్చి అంతా కప్పేసింది.

గాలి కాస్త తగ్గగానే దరియాలతిప్ప పడవలన్నీ కదిలాయి. బోర్లాపడ్డ పడవని పట్టుకుని వేలాడుతున్నవాళ్లని ఒక్కొక్కరినీ తీశారు. పాస్టరుగారికి చెయ్యి విరిగింది. జోసఫ్‌ని మూడుసార్లు బలవంతంగా పైకి లాగాల్సి వచ్చింది. లాగిన ప్రతిసారీ మళ్లీ దూకేశాడు. ఇద్దరు దొరకలేదు. షారోన్, ఆమెతో పాటు బాప్తిస్మం తీసుకున్న అభిషేక్ అనే కుర్రాడు. అభిషేక్ మర్నాడు దొరికాడు. షారోన్ ఆ తర్వాత రోజు, ఏటి దిగువనెక్కడో, మడచెట్ల వేళ్ల మధ్య దొరికింది. తెల్లగౌను చిరిగి ఉంది. పుదుచ్చేరి రైలు అప్పటికే వెళ్లిపోయింది.

సమాధుల తోటలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎస్తేర్‌రాణి తల్లిని పట్టుకుని వెనకగా నిలబడింది. మట్టి వేశాక షారోన్ తల్లి దగ్గరికి వెళ్లి, "పిన్నీ" అంది. ఆమె ఏడుపు ఆపి తలెత్తి చూసింది.

"మీయమ్మనైతే ఆపుకున్నావు గదా రాణీ."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. పక్కనున్న ఆడవాళ్లు ఆమెని పట్టుకుని తీసుకుపోయారు.

ఆ మాట ఊరంతా తిరిగింది. నాలుగింటికి అని చెప్పిందట, తన తల్లిని మటుకు పంపలేదట, అన్నారు. వెళ్లొద్దని కూడా చెప్పిందని ఎవరైనా అంటే, గట్టిగా చెప్పాల్సింది, అన్నారు. సుశీల బజారుకి వెళ్లడం మానేసింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నేను కూడా వెళ్లిపోయినా బాగుండేది" అంది. ఎస్తేర్‌రాణి కంచం అక్కడే వదిలేసి లేచిపోయింది.

లక్ష్మణరావు ఫోన్ చేసి చాలాసేపు ఓదార్చాడు. చివర్లో, "మీరు రాసినదాంట్లో తప్పేమీ లేదు. ముందుగా కూడా రావచ్చని స్పష్టంగా ఉంది. మనకి ఏ ఇబ్బందీ రాదు," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. మానేద్దామనే అనుకుంది. రాజీనామా టైపు చేసి ఉంచింది కూడా. కానీ ఏ రోజుకారోజు పొద్దున్నే లేచి రాడార్ చూడకుండా ఉండలేకపోయింది. చూశాక ఎవరికీ చెప్పకుండా ఉండటం అంతకన్నా కష్టంగా ఉంది.

జోసఫ్ ఎవరితోనూ మాట్లాడటం లేదని తెలుస్తూనే ఉంది. రెండు మూడుసార్లు ఆ వీధి చివరిదాకా వెళ్లి పిన్నికి మొహం చూపించలేక తిరిగొచ్చింది. వేసవి చివర్లో ఒక సాయంత్రం అతను రేవులో ఒంటరిగా ఉన్నాడని ఇన్నయ్య చెబితే వెళ్లింది. ఒడ్డుకి లాగి పెట్టిన పడవకి జోసఫ్ కొత్త చెక్క వేస్తున్నాడు. ఆమెని చూసి సుత్తి పక్కన పెట్టాడు. గడ్డం పెరిగి మనిషి సగమైపోయాడు.

"కూకో అమ్మా," అన్నాడు.

ఆమె ఇసుకలో కూర్చుంది.

"ఒకటడగాలని ఉంది రాణీ. నువ్వేం అనుకోకు."

"అడుగు బాబాయ్."

"ఆ రోజు ఎందుకు పిలిచావమ్మా?"

ఆమెకి అర్థం కాలేదు. "ఎక్కడికి పిలిచాను?"

"ఒడ్డున నిలబడి సున్నీ ఊపావు గదా. పాస్టరుగారు మేట మీదే ఆగిపోదావన్నారు. షారోనే, అక్కే నాన్నా, అక్క పిలుత్తంది అంది. నేను నీ వంక సూశాను. మా రాణికి తెలుసండీ, దానికి తెలవకుండా పిలవదు అని అందర్నీ ఎక్కించాను. మేట కన్నా ఒడ్డే మంచిదేమోలే అనుకున్నాను. ఎందుకు పిలిచావా అని పడుకుంటే అదే గుర్తొత్తంది."

ఎస్తేర్‌రాణికి అబద్ధం చెబుదామనిపించింది. ఏం అబద్ధం చెబితే అతనికి తేలికవుతుందో తెలియలేదు.

"పిలవలేదు బాబాయ్," అంది చివరికి. "రావొద్దన్నాను. అక్కడే పడుకోమన్నాను."

జోసఫ్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తన చేతుల్లోకి చూసుకున్నాడు.

"అట్టాగా," అన్నాడు.

కాసేపటికి సుత్తి తీసుకుని మేకు మీద ఒక దెబ్బ వేశాడు. మేకు వంగిపోయింది. దాన్ని పీకే ప్రయత్నం చేసి, వదిలేసి, పడవ అంచుకి తల ఆనించాడు. వీపు మాత్రం కదులుతోంది. ఎస్తేర్‌రాణి దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి తీసెయ్యలేదు.

ఆమె వెళ్లబోతుంటే, "ఈ సంగతి మీ పిన్నికి సెప్పకమ్మా," అన్నాడు. "నువ్వు నాలుగన్నావనే అది అనుకుంటంది. అట్టాగే అనుకోనీ. నువ్వు రావొద్దంటే నేను పడవ తీసుకొచ్చానని తెలిత్తే ఇక నా మొకం సూడదు."

"చెప్పను బాబాయ్."

"నీ మీద పడుద్ది మరి."

"పడనీ."

ఆమె ఆ మాట నిలబెట్టుకుంది. తల్లికి కూడా చెప్పలేదు.

రుతుపవనాలు రావడం ఆలస్యమైంది. జూన్ మధ్యలో మళ్లీ అలాంటి రోజే ఒకటి వచ్చింది. పడమటి గాలి, తడిగాలి, మధ్యలో గీత. ఈసారి ఎస్తేర్‌రాణి టైమ్ రాయలేదు. మధ్యాహ్నం భోజనాల నుంచి చీకటి పడేదాకా ఎవరూ నీళ్ల మీదికి వెళ్లొద్దు; నీళ్ల మధ్య మేట మీదో లంక మీదో ఉన్నవాళ్లు గాలి వెళ్లిపోయేదాకా కదలొద్దు, ఒడ్డు నుంచి ఎవరు ఏ సైగ చేసినా బయల్దేరొద్దు, అని రాసింది. లక్ష్మణరావు ఫోన్ చేసి టైమ్ ఏదని అడిగాడు.

"నాకు తెలీదు సార్."

"అలా అంటే ఎలా? క్లయింట్లు ఒప్పుకోరు."

"తెలీదనే పంపండి సార్. లేకపోతే నా పేరు తీసేసి పంపండి."

అతను అలాగే పంపిస్తానన్నాడు. వచ్చే నెల ఆమె కాంట్రాక్టు సంగతి మాట్లాడదామని కూడా అన్నాడు.

మధ్యాహ్నం ఆమె దరియాలతిప్ప వెళ్లింది. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. కుర్రాళ్లు కొందరు పని పోయిందని గొణుక్కుంటున్నారు. జోసఫ్ తన పడవ తాడు పక్కనే కూర్చుని, కదలకుండా ఏటిని కాపలా కాస్తున్నాడు. ఆమెని చూసి తల ఊపాడు.

వెనక్కి వచ్చేటప్పుడు బాబాయ్ ఇంటి ముందు నుంచే దారి. షారోన్ తల్లి వాకిట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. ఎస్తేర్‌రాణి తల వంచుకుని స్కూటీ పోనిచ్చేయబోయింది.

"ఏమ్మా," అని వినపడింది.

ఆగింది. పిన్ని ఆమె వంక చూడటం లేదు. తడిబట్ట దులుపుతూ పడమటి వైపు చూస్తోంది. అక్కడ తెల్లటి ఎండ తప్ప ఇంకేమీ లేదు.

"వత్తాదా?"

"తెలీదు పిన్నీ. రావచ్చు."

పిన్ని ఆరేసిన బట్టలన్నీ తడివి తడిగానే తీగ మీంచి తీసి, చంకన పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ రోజు గాలి రాలేదు.